స్పీకర్ సంగతి, చెవి సంగతి

విజయనగరం,
ఆదివారం రాత్రి

చిరంజీవి హారికకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా, పనిలో ఉన్నా" అని పెట్టేస్తున్నావు. నువ్వు నిజంగా ఎలా ఉన్నావో అందులోంచి నాకేం తెలియడం లేదు. అందుకే కాగితం తీసుకున్నాను.

నీ మెసేజ్‌కి జవాబు రాద్దామనే కూర్చున్నాను. గిటార్ బాక్సులో ఒక స్పీకర్ గరగరమంటోంది, ఒకటే మార్చాలా రెండూ మార్చాలా, వింటేజ్ 30 రకం స్పీకర్ వెయ్యాలా గ్రీన్‌బ్యాక్ రకం వెయ్యాలా అని అడిగావు. ఇన్ని వారాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, రాక రాక వచ్చిన మెసేజ్ అది. బొబ్బిలి పిన్ని ఈవేళ వచ్చి వెళ్ళింది. వాళ్ళ అల్లుడు నిన్ను చెవి డాక్టరు గది బయట కుర్చీలో చూశాడట. పలకరించే లోపల లోపలికి వెళ్ళిపోయావట. పిన్ని మాటల్లో సగం తీసెయ్యాలని నాకు తెలుసు. ఎవరో స్నేహితురాలికి తోడు వెళ్ళి ఉంటావు. సరే, ఆ సంగతి తర్వాత చూద్దాం.

కొనేముందు ఆ స్పీకర్ నిజంగా పోయిందో లేదో చూడు. బాక్సు వెనక మర విప్పి, రెండు చేతుల వేళ్ళూ కోన్‌కి, అదే కదిలే కాగితపు గిన్నెకి, సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కు. మెత్తగా వెళ్ళి వస్తే దాని వెనకున్న తీగచుట్ట, కాయిల్, బాగున్నట్టే. ఇసుక మీద గీసినట్టు తగిలితే కాయిల్ మాగ్నెట్ సందులో రాసుకుంటోందన్నమాట. ఒక్కోసారి స్పీకర్‌ని బిగించిన మరల్లో ఒకటి మరీ బిగిసిపోయి, రేకు ఫ్రేమ్ వంకరపోయినా ఇదే గరగర వస్తుంది. అన్నీ కాస్త వదులు చేసి చూడు. అప్పటికీ పోకపోతే మార్చాల్సిందే. పాతది మాత్రం పారెయ్యకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా, నేను విప్పి చూస్తాను.

ఒకటే మారిస్తే తక్కువలో పోతుంది కదా అనుకుంటున్నావేమో. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ అయితే ఏది ఎక్కువ మోగితే అదే వినిపిస్తుంది, రెండోది ఉండీ లేనట్టే. డబ్బు చాలకపోతే చెప్పు, నాన్న పంపిస్తారు. నిన్ను అడగమన్నది కూడా ఆయనే.

మన షాపులో ఉన్న 12 అంగుళాల మైక్ సెట్ స్పీకర్ ఒకటి పంపనా అని నాన్న అన్నారు. నేను వద్దన్నాను. పాట కోసం చేసిన స్పీకర్ వేరు, గిటార్ కోసం చేసింది వేరు. స్వరం ఎత్తు 5 వేల హెర్ట్జ్ దాటితే గిటార్ స్పీకర్ మోత చప్పున దిగిపోతుంది. ఆ దిగడమే దాని గొప్ప. నువ్వు డిస్టార్షన్ పెట్టినప్పుడు పుట్టే రంపపు కోత అంతా ఆ పైనే ఉంటుంది, స్పీకర్ దాన్ని మింగేస్తుంది. మైక్ సెట్ స్పీకర్‌కి సన్నటి స్వరాలు పలికే ట్వీటర్ కూడా తగిలించి అందులో గిటార్ పెడితే రేకు గీకినట్టే ఉంటుంది. వాట్లు ఎక్కువ రాసి ఉన్నాయని ఎవరైనా అంటగట్టబోతే తీసుకోకు.

ఇక నువ్వు అడిగిన రెండూ. రెండూ ఇంగ్లండులోని సెలెస్టియన్ కంపెనీవే. గ్రీన్‌బ్యాక్ 25 వాట్లు, వింటేజ్ 30 పేరులో 30 ఉన్నా తట్టుకునేది 60 వాట్లు. నీ ఆంప్ 30 వాట్లది కాబట్టి గ్రీన్‌బ్యాక్‌లు రెండు వేస్తే 50 అవుతుంది, సరిపోతుంది. అదే ఒక్క స్పీకరున్న బాక్సయితే గ్రీన్‌బ్యాక్ వద్దనేదాన్ని. వాల్వ్ ఆంప్‌ని, అదే గాజు వాల్వులతో నడిచేదాన్ని, గట్టిగా వాయిస్తే రాసిన వాట్లు దాటి పోతుంది.

నేను వాట్లకంటే ముందు చూసేది ఇంకోటి. ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎంత మోగుతుంది అనేది. గ్రీన్‌బ్యాక్ 98 డెసిబెల్స్, వింటేజ్ 30 అయితే 100. రెండే కదా అనుకోకు. 3 డెసిబెల్స్ పెరగడమంటే ఆంప్ పవర్ రెట్టింపు చేసినట్టు. ఇంకో లెక్క కూడా చూడు. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి 8 గంటలు మించి ఉండొద్దంటుంది. అక్కడి నుంచి 3 పెరిగినప్పుడల్లా టైము సగమైపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. అలా 100కి వచ్చేసరికి 15 నిమిషాలు. మీరు ప్రాక్టీస్ చేసే గది ఎంతుంటుంది? తలుపులు మూసి, దుప్పట్లు కట్టి, డ్రమ్స్ పక్కన ఎన్ని గంటలు? ఆంప్‌లోంచి ఒక్క వాట్ బయటికొస్తేనే ఇంత అని స్పీకర్ కంపెనీ వాళ్ళ లెక్కే చెబుతోంది.

చెవిలో ఈల వస్తోందా? వస్తే ఒక చెవిలోనా, రెండింట్లోనా?

నాన్న సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నువ్వప్పుడు అయిదో క్లాసు, పెద్దమ్మ దగ్గర వదిలి వెళ్ళాం. గజపతినగరం అవతల ఒక ఊళ్ళో అమ్మవారి పండగ, ఆర్కెస్ట్రా పెట్టారు. మన సెట్టే వెళ్ళింది. వైర్లు అందించే సింహాచలానికి జ్వరం రావడంతో ఆ పనికి నేనూ లారీ ఎక్కాను. ఆర్కెస్ట్రాలో గిటార్ కుర్రాడికి సొంత ఆంప్ లేదు, మన బాక్సులోకే ఇచ్చాం. మొదటి పాట అవుతూనే ఎడమ బాక్సు ఇప్పుడు నీది చేస్తున్నట్టే గర్‌మంది. నాన్న స్టేజీ కింద మోకాళ్ళ మీద కూర్చుని, కోన్ మీద వేలు పెట్టి, చెవి దానికి ఆనించి వింటున్నారు. ఏ కాయిల్ ఎక్కడ రాసుకుంటోందో చెవితోనే పట్టేవారు కదా. పైన ఆ కుర్రాడికి ఇది తెలియదు. జాక్ వదులైందనుకుని పీకి మళ్ళీ గుచ్చాడు, వాల్యూమ్ తగ్గించకుండా. ఒకటే దెబ్బ. జనం కూడా చెవులు మూసుకున్నారు. నాన్న వెనక్కి కూర్చుండిపోయి, నవ్వి, ఏం కాలేదని నాకు చెయ్యి ఊపారు. ప్రోగ్రామ్ అయ్యేవరకూ అక్కడే నిలబడి నడిపించారు. పొద్దున్న టీ బడ్డీ దగ్గర చిల్లర ఇస్తూ బడ్డీవాడు ఏదో అడిగితే, మొహం ఇటు తిప్పి రెండో చెవితో విన్నారు. నేను చూశాను గానీ, రాత్రంతా నిద్ర లేదు కదా అనుకున్నాను.

ఇంటికొచ్చాక పడకగదిలో ఫ్యాన్ ఈల వేస్తోందని మొదలుపెట్టారు. బేరింగ్ పోయిందన్నారు. ఫ్యాన్ దింపి, విప్పి, కిరసనాయిల్‌తో కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ ఎక్కించారు. అయినా ఈల పోలేదు. కొత్త బేరింగ్ వేశారు. పోలేదు. కొత్త ఫ్యాన్ కొందామన్నారు. ఒక రాత్రి కరెంటు పోయింది. ఫ్యాన్ మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయింది. చీకట్లో ఆయన "ఇంకా వేస్తోందేమిటే" అన్నారు.

అప్పుడు కూడా డాక్టరు దగ్గరికి వెంటనే రాలేదు. పండగల సీజను, బుకింగులు, సిరిమానోత్సవం అయ్యాక చూద్దామన్నారు. ఆ సిరిమాను మంగళవారం వెళ్ళిపోయింది, కార్తీక మాసం వెళ్ళిపోయింది. చివరికి విశాఖ తీసుకెళ్తే డాక్టరు మొట్టమొదట అడిగింది, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని. ఇలాంటి దెబ్బకి మొదటి రోజుల్లోనే మందు మొదలుపెట్టాలట. పరీక్ష చేసి ఒక కాగితం ఇచ్చారు. స్పీకర్‌తో పాటు వచ్చే గ్రాఫ్ కాగితంలాగే ఉంది, కింద హెర్ట్జ్, పక్కన డెసిబెల్స్. గీత వెయ్యి దాకా బాగానే వచ్చి, 4 వేల దగ్గర గోతిలో పడిపోయింది. డాక్టరు నాకు విడమరిచి చెప్పబోయారు, నాకు చెప్పక్కర్లేకపోయింది. పెద్ద చప్పుళ్ళకి చెవిలో మొదట చచ్చిపోయేవి అక్కడి కణాలే. అవి మళ్ళీ మొలవవు. కాలిపోయిన కాయిల్‌ని నేను మళ్ళీ చుట్టగలను గాని, చెవికి చుట్టే తీగ ఎవరి దగ్గరా లేదమ్మా.

అందుకే వింటేజ్ 30 వద్దంటున్నాను. మంచి స్పీకరే, కాదనను. కానీ దాని గ్రాఫ్ చూడు, 2, 3 వేల హెర్ట్జ్ దగ్గర గుట్టలా లేస్తుంది. మన చెవి అన్నిటికంటే చురుగ్గా పట్టేదీ ఆ ప్రాంతాన్నే. బ్యాండులో నీ గిటార్ అందరి మధ్య నుంచి పైకి వినబడాలంటే అది పనికొస్తుంది, మీ కుర్రాళ్ళు అందుకే చెబుతుంటారు. రోజూ చిన్న గదిలో కూర్చుని వినేది నువ్వు. గ్రీన్‌బ్యాక్ అంతకంటే మెత్తగా, కాస్త తక్కువగా మోగుతుంది, ఆంప్ వెచ్చబడి పలికే స్వరం తక్కువ చప్పుడులోనే వస్తుంది. అమెరికాలో ఎమినెన్స్ వాళ్ళు ఇంకో రకం చేశారు. మాగ్నెట్ వెనక ఒక నాబ్ ఉంటుంది, అది తిప్పి 9 డెసిబెల్స్ దాకా తగ్గించుకోవచ్చు. అది దొరికితే ఇంకా మంచిది, ఖరీదు సంగతి నువ్వు చూసుకోకు.

బాక్సు నేల మీద పెట్టుకుని దాని ముందే నిలబడుతున్నావు కదా, ఫొటోలో చూశాను. గిటార్ స్పీకర్ పదునంతా టార్చిలైటులా నేరుగా ముందుకే పోతుంది. నేల మీద ఉంటే అది నీ మోకాళ్ళకి తగులుతుంది, చెవికి తగలదు. చాలలేదని నువ్వు పెంచుతావు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ ప్రాణం పోతుంది. బాక్సుని కుర్చీ మీద పెట్టు, లేకపోతే వెనక్కి వాల్చు. నీ చెవికి నిజంగా ఎంత మోగుతోందో అప్పుడు తెలిసి నువ్వే తగ్గిస్తావు. దూదీ గీదీ పెట్టుకుంటే లాభం లేదు. వాయించేవాళ్ళ కోసమని చేసిన చెవి బిళ్ళలు ఉంటాయి, అన్ని స్వరాల్నీ ఒకేలా తగ్గిస్తాయి, అవి కొనుక్కో. అమ్మమ్మ చెప్పిందని వెల్లుల్లి నూనె మాత్రం చెవిలో పోసుకోకు. పెద్దమ్మ నీకు ఫోన్ చేసి అదే చెప్పబోతోంది, విని ఊరుకో.

నిన్న సంగీత కళాశాల ముందు నుంచి వస్తుంటే లోపల ఎవరో పిల్లలు వయొలిన్ వాయిస్తున్నారు. నీ వయొలిన్ అటక మీద అలాగే ఉంది, పెట్టెలో కర్పూరం బిళ్ళలు మార్చాను. నువ్వు మానేశావని నాకిప్పుడు బాధ లేదు, గిటారూ తీగ వాయిద్యమే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో ఆ కళాశాలలో వయొలిన్ చెప్పడానికి చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయనకి చూపు చాలా తక్కువ. చెవినే నమ్ముకుని అంత విద్వాంసుడయ్యారు. వాయించేవాళ్ళకి చెవి ఎంత ఆస్తో నీకు నేను చెప్పాలా? చెప్పనని కూర్చున్నాను, చెప్పేస్తున్నాను. ఏం చెయ్యను.

ఓమ్‌ల సంగతి, అంటే స్పీకర్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందనేది, జాగ్రత్త. నీ బాక్సు వెనక 8 ఓమ్స్ అని ఉందన్నావు. అంటే లోపల రెండు 16 ఓమ్‌లవి పక్కపక్కన ప్యారలల్‌గా కలిపి ఉండాలి. పాతవాటి మాగ్నెట్ మీద స్టిక్కర్ చూసి నిర్ధారణ చేసుకో. మీటరు పెడితే 16 అని రాసినదానికి 12, 13 దగ్గర చూపిస్తుంది, కంగారు పడకు, అది మామూలే. కొత్తవి కూడా రెండూ 16వే కొను. 8వి రెండు తెచ్చి అలాగే కలిపితే 4 అవుతుంది, అప్పుడు ఆంప్ వెనక సాకెట్ మార్చాలి. మరిచిపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ముప్పు. స్పీకర్ వైరు తగిలించకుండా వాల్వ్ ఆంప్ ఎప్పుడూ ఆన్ చెయ్యకు. ఆంప్ నుంచి బాక్సుకి గిటార్ వైరు వాడకు, స్పీకర్ వైరే వాడు.

బిగించేటప్పుడు ఒక మర తర్వాత దాని ఎదురు మర బిగించు. స్క్రూడ్రైవర్ జారితే కోన్ చిరిగిపోతుంది, అట్టముక్క అడ్డం పెట్టుకో. బిగించాక ఒక టార్చి సెల్ తీసుకుని ప్లస్‌ని ఎర్ర పిన్నుకి, మైనస్‌ని రెండోదానికి ఒక్క క్షణం తాకించు. కోన్ ముందుకి కదలాలి. రెండు స్పీకర్లూ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పోతే బాస్ చచ్చిపోతుంది, చాలలేదని నువ్వు మళ్ళీ వాల్యూమ్ పెంచుతావు.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో కొత్తపేట మావయ్య గారి అబ్బాయి వస్తున్నాడు. చోడిపిండి, చిమ్మిలి, పనసపొట్టు ఎండబెట్టింది కొంచెం పంపిస్తున్నాను. చోడి అంబలి పొద్దున్న తాగు, ఖాళీ కడుపుతో కాఫీ మీద కాఫీ తాగకు. నిద్ర సరిగా పోతున్నావా? చెవిలో మోత ఉంటే రాత్రులే ఎక్కువ వినబడుతుంది, పక్కన ఫ్యాన్ పెట్టుకుని పడుకో.

డాక్టరు ఏమన్నారో నాకు రాయనక్కర్లేదు, పరీక్ష కాగితం ఫొటో తీసి పంపు చాలు. గ్రాఫ్ నేను చూసుకుంటాను. నువ్వు ఎవరికో తోడు వెళ్ళావనుకో, నీకు కూడా ఒకసారి పరీక్ష చేయించి అదే పంపు. నాన్నకి ఇంకా చెప్పలేదు. బుధవారం లోపల రాకపోతే చెప్పేసి, ఇద్దరం రైలెక్కేస్తాం.

స్పీకర్లు కొన్నాక బిల్లు మీద 16 ఓమ్స్ అని రాయించుకో.

ఇట్లు,
అమ్మ