దొరగారి తోలు టోపీ వాళ్ళింటికి చేరింది, సాయం చేసిన ప్రతి ఒక్కరికీ దణ్ణం

పార్సెలు అందిందని మొన్న రాత్రి అడిలైడ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ కబురు వచ్చేదాకా ఏమీ రాయకూడదని ఇన్నాళ్ళూ ఆగాను, ఇక ఆగలేను. విజయనగరంలో మా ఇంటి అటక మీద ట్రంకుపెట్టెలో రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచీ పడి ఉన్న విమానం టోపీ, దాంతోపాటున్న కళ్ళద్దాలు, వాటిని పెట్టుకున్న మనిషి కూతురి చేతికి చేరాయి. ఇందులో నేను చేసింది తక్కువ, మీరంతా చేసింది ఎక్కువ. అందుకే ఎవరెవరు ఏం చేశారో వివరంగా రాస్తున్నాను, కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట. ఆయన పేరు, సర్వీసు నంబరు, ఏ స్క్వాడ్రనో, అంటే ఏ విమాన దళమో బయటపెట్టొద్దని ఆ కుటుంబం కోరింది. సాయం చేసినవాళ్ళలో కూడా చాలామంది మా పేర్లు వద్దన్నారు. కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు, చదువుతుంటే మీకే తెలుస్తుంది అది మీరేనని.

మా తాత దర్జీ. గంటస్తంభం దగ్గర చిన్న కొట్టు ఉండేది. యుద్ధం రోజుల్లో వాల్తేరు ఎయిర్‌ఫీల్డులో, అంటే ఇప్పుడు నేవీ వాళ్ళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉన్న చోట, ఒక కాంట్రాక్టరు కింద బట్టలు కుట్టే పనికి వెళ్ళేవాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక ఊరు సగం ఖాళీ అయింది, ఎంతోమంది మూటాముల్లె సర్దుకుని మనవైపు వచ్చేశారు. తాత మాత్రం పని వదల్లేదు. 1943లో ఒక ఆస్ట్రేలియా కుర్రాడు గడ్డం కింద పట్టీ తెగిన తోలు టోపీ ఇచ్చి కుట్టిపెట్టమన్నాడట. తాత కుట్టాడు. కుర్రాడు మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి కాంట్రాక్టు అయిపోయి తాత ఇంటికొచ్చేస్తూ టోపీ కూడా తెచ్చుకున్నాడు, ఎవరికి అప్పజెప్పాలో తెలియక. మా చిన్నప్పుడు దాన్ని తీసి నెత్తిన పెట్టుకోబోతే మామ్మ గయ్యిమనేది. "అది మనది కాదురా నాయనా, దొరది, రేపొచ్చి అడిగితే ఏటి సెప్తాం?" అనేది. తాత పోయి, మామ్మ పోయి, నాన్న కూడా పోయాక ఆ మాట నా మీద పడింది.

మొట్టమొదట దణ్ణం పెట్టాల్సింది కంటోన్మెంట్‌లో ఉండే రిటైర్డ్ వారంట్ ఆఫీసర్ గారికి. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో సేఫ్టీ ఎక్విప్‌మెంట్ సెక్షన్‌లో పనిచేశారు, అంటే పారాచూట్లు మడవడం, హెల్మెట్లు, ఆక్సిజన్ మాస్కులు చూసుకోవడం. టోపీ చేతిలోకి తీసుకోగానే "ఇది బ్రిటిష్ వాళ్ళ సి టైపు, 1941 నుంచి వచ్చింది" అన్నారు. బయట గోధుమరంగు తోలు, లోపల మెత్తటి షామీ తోలు, చెవుల దగ్గర నల్ల రబ్బరు గిన్నెలు, వాటిలో వైర్‌లెస్ వినే రిసీవర్లు. చెంపల పక్కన మాస్కు తగిలించుకునే బొత్తాలు. లోపల అరిగిపోయిన చీటీ మీద కిరీటం, కింద ఏ.ఎం. అని అచ్చు, అంటే ఎయిర్ మినిస్ట్రీ. ఆ పక్కన 22సి అని మొదలయ్యే నంబరు. నేను అదే మనిషి నంబరేమోనని అడిగితే, 22సి అంటే బ్రిటిష్ స్టోర్స్ లెక్కలో ఫ్లయింగ్ బట్టల విభాగమనీ, ఆ సైజు టోపీలన్నిటి మీదా అదే నంబరు ఉంటుందనీ, మనిషి కావాలంటే చేత్తో సిరాతో రాసింది వెతకాలనీ చెప్పారు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. లోపల తడిగుడ్డతో తుడవొద్దు, తోలు మెత్తబడుతుందని కొబ్బరినూనె రాయొద్దు, రాస్తే ఉన్న సిరా కూడా పోతుంది, తోలూ నల్లబడుతుందని. అప్పటికే మా మేనత్త కొబ్బరినూనె సీసా తీసి పెట్టింది. ఆయన ఆ రోజు చెప్పకపోతే ఈ పోస్టు లేదు.

సిరా ఉంది కానీ కంటికి ఆనలేదు. షామీ తోలు మీద చెమటా, మరకా కలిసిపోయి ఏదో నీడలా కనిపించేది. ఇక్కడ మూడు లాంతర్ల దగ్గర బట్టల షాపు నడిపే అన్నకి థాంక్స్ చెప్పాలి. దొంగనోట్లు పట్టడానికి కౌంటర్ మీద పెట్టుకునే ఊదారంగు లైటు ఉంటుంది కదా, దాని కింద పెట్టి చూద్దామన్న ఆలోచన ఆయనదే. షట్టరు సగం దించి, లైట్లన్నీ ఆర్పి, టోపీని తిరగేసి పెట్టాం. తోలు పాలిపోయిన నీలంగా వెలిగింది, ఇనుము కలిసిన పాత సిరా ఆ వెలుగుని పీల్చేసుకుని నల్లగా తేలింది. రెండు వరసలు. పైది ఎవరో అడ్డంగా గీతలు గీసి కొట్టేసింది, మొదటి అక్షరం తప్ప ఏమీ అర్థం కాలేదు. కింది వరసలో ఇంటిపేరు, దాని ముందు రెండు పొడి అక్షరాలు, పక్కన ఆరంకెల నంబరు. నా చేతులు వణుకుతుంటే ఫోటోలు తీసింది షాపులో పనిచేసే కుర్రాడు, అతనికీ థాంక్స్.

ఆ నంబరు ఏం చెబుతుందో చెప్పింది కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, నేవీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన. 407తో మొదలయ్యే ఆరంకెల నంబరు చూడగానే, ఇది ఇంగ్లిషు వాళ్ళది అయ్యుండదు, ఆస్ట్రేలియా ఎయిర్‌ఫోర్స్ అయ్యుండాలి అన్నారు. యుద్ధంలో వాళ్ళు నంబర్లు రాష్ట్రాల వారీగా ఇచ్చారట, 406 వెస్ట్రన్ ఆస్ట్రేలియా, 407 సౌత్ ఆస్ట్రేలియా, అలా. అప్పట్లో ఎంపైర్ ఎయిర్ ట్రైనింగ్ స్కీము అని ఒకటుండేది, 1939 చివర్లో ఒప్పందమైంది, దాని కింద ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్ కుర్రాళ్ళు శిక్షణ అయ్యాక బ్రిటిష్ స్క్వాడ్రన్లలో కలిసి పనిచేశారు, కొందరు అలా మన తూర్పుతీరానికి కూడా వచ్చారు. తాత చెప్పిన "ఆస్ట్రేలియా కుర్రాడు" అన్న మాటకి అంతవరకూ మా ఇంట్లో ఎవరూ పెద్ద విలువ ఇవ్వలేదు, తెల్లవాళ్ళందరూ ఒకటే అనుకునేవాళ్ళం. తాతకి తెలుసు.

తర్వాత నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియాలో వెతకమని దారి చూపించింది కూడా ఆయనే. ఆఫీసర్ల ఫైళ్ళు ఏ9300 అనే వరసలో, మిగతా ర్యాంకుల వాళ్ళవి ఏ9301లో ఉంటాయి. మనవాడిది రెండోదాంట్లో దొరికింది. వైర్‌లెస్ ఆపరేటర్, ఎయిర్ గన్నర్. స్కాన్ చేసిన కాగితాలు ఒక్కొక్కటీ తెరుస్తుంటే చేరిన రోజు పళ్ళ పరీక్ష దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి. అందులో ఒక లైను చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. 1943లో మలేరియాతో ఆసుపత్రిలో చేరాడు, అక్కడి నుంచే వేరే యూనిట్‌కి పంపేశారు. మా తాత పద్దుపుస్తకం ఇంకా మా దగ్గరే ఉంది. అదే ఏడాది, దానికి కొద్దిరోజుల ముందు, "తోలు టోపీ పట్టీ కుట్టు 0-2-0" అని ఉంది, రెండణాలు, జమ వైపు ఖాళీ. కుర్రాడు మర్చిపోయి రాకపోవడం కాదన్నమాట, జ్వరంతో పడిపోయి రాలేకపోయాడు.

అయినా వారంట్ ఆఫీసర్ గారు ఒప్పుకోలేదు. ఇలాంటి టోపీలు చేతులు మారతాయి, స్టోర్స్‌కి తిరిగిచ్చినవి మళ్ళీ ఇంకొకరికి ఇస్తారు, పైన కొట్టేసిన పేరే అందుకు సాక్ష్యం, కాబట్టి ఆ మనిషి నిజంగా ఆ నెలల్లో ఇక్కడ ఉన్నాడని ఇంకో కాగితం చెప్పాలి అన్నారు. ఆయన పట్టుబట్టడం వల్లే పని గట్టిగా అయింది. లండన్‌లో చదువుకుంటున్న బొబ్బిలి తమ్ముడు ఒకరు, నాకు ముక్కూమొహం తెలియని మనిషి, సెలవురోజు అక్కడి క్యూ (Kew) అనే పేటలో ఉన్న బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళి ఎయిర్ 27 అనే వరసలో ఆ స్క్వాడ్రన్ రికార్డు పుస్తకాలు తీయించాడు. ఏ రోజు ఏ విమానంలో ఎవరెవరు ఎక్కారు, ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది అన్నీ టైపు కొట్టి ఉంటాయి వాటిలో. సిబ్బంది వరసలో మనవాడి పేరున్న పేజీలు ఫోన్‌తో ఫోటోలు తీసి పంపాడు, తీరం వెంబడి సముద్రం మీద కాపలా తిరిగిన రోజులవి. తమ్ముడూ, రైలు ఖర్చులైనా పంపుతానంటే తీసుకోలేదు నువ్వు. బొబ్బిలి వచ్చినప్పుడు మా ఇంట్లో భోజనం చెయ్యకుండా వెళ్తే ఊరుకోను.

ఇక అడిలైడ్‌లో ఉన్న మన నరసన్నపేట ఆడపడుచు. అక్కా, నీ గురించి ఎంత రాసినా తక్కువే. అక్కడ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తూ, పగలు నిద్ర మానుకుని స్టేట్ లైబ్రరీకి వెళ్ళింది. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ళ ట్రోవ్ అనే వెబ్‌సైట్‌లో పాత పత్రికలు స్కాన్ చేసి ఉన్నాయి, కానీ ఎక్కువ పత్రికలు 1954 దాకానే. అందులో యుద్ధం అయ్యాక ఆయన పెళ్ళి ప్రకటన దొరికింది. ఆ తర్వాతవి లైబ్రరీలో మైక్రోఫిల్మ్ తిప్పుతూ చూడాల్సిందే. ఆమె తిప్పింది. చివరికి ఆయన చనిపోయినప్పటి ప్రకటన కనపడింది, కింద కూతుళ్ళ పేర్లతో సహా. అక్కడి నుంచి కూడా ఎంత మర్యాదగా నడుచుకుందో చెప్పాలి. నేరుగా తలుపు కొట్టలేదు, ఫోన్ చెయ్యలేదు. ఒక ఉత్తరం రాసింది, మేము ఇలాంటివాళ్ళం, మీ నాన్నగారి వస్తువు ఒకటి మా దగ్గర ఉందనుకుంటున్నాం, మీకు ఇష్టమైతేనే జవాబు ఇవ్వండి అని. డబ్బులేమీ అడగడం లేదని కూడా అందులో రాసింది, ఈ రోజుల్లో అది రాయకపోతే ఎవరైనా మోసమనుకుంటారు కదా.

జవాబు వచ్చింది. పెద్ద కూతురికి ఎనభై దగ్గర పడుతోంది. వాళ్ళ నాన్న లాగ్‌బుక్, అంటే ఏ రోజు ఎంతసేపు ఎగిరారో రాసుకున్న పుస్తకం, ఆమె దగ్గరే ఉంది, పేజీలు ఫోటో తీసి పంపారు. అందులో ఆయన 4 అంకె పైన మూయకుండా తెరిచి రాసేవారు, 7కి తోక కొంచెం ఎడమకి లాగేవారు. టోపీలో ఉన్న 407 పక్కన పెట్టి చూస్తే ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. వీడియో కాల్‌లో టోపీ చూపించినప్పుడు ఆమె ముందు అడిగింది పట్టీ గురించే. మైనం రాసిన దారంతో తాత వేసిన కుట్టు దగ్గరగా చూపించాను, రెండు వరసలు, ఒక్క పోగు కూడా లేవలేదు. మీ తాతగారి పేరేమిటి అని అడిగి, అక్షరం అక్షరం చెప్పించుకుని రాసుకుంది. నాకు ఆ క్షణం మాట రాలేదు.

పంపడం దగ్గర కొంచెం టెన్షన్ పడ్డాం. పాత వస్తువులు దేశం దాటించకూడదని ఒకరిద్దరు భయపెట్టారు. 1972 పురావస్తువుల చట్టం ఇలాంటి వస్తువులకి వర్తించాలంటే వందేళ్ళు దాటి ఉండాలని, దీనికి అన్నేళ్ళు లేవని మన శ్రీకాకుళం లాయరు గారు ఫీజు తీసుకోకుండా చెప్పి ధైర్యం ఇచ్చారు. ఆస్ట్రేలియా వాళ్ళు తోలు వస్తువు అంటే పురుగూ మట్టీ లేకుండా ఉండాలంటారు. మామ్మ ఏళ్ళ తరబడి వేసిన వేపాకూ, కలరా ఉండలూ పుణ్యమా అని ఒక్క చిల్లు లేదు. వేపాకు పొడి మాత్రం మెత్తటి బ్రష్షుతో దులిపి తీసేశాం. రబ్బరు గిన్నెలు గట్టిపడి పగుళ్ళిచ్చాయి కాబట్టి టోపీ లోపల ఉండలు చుట్టిన పల్చటి కాగితం కూరి, ఒత్తిడి పడకుండా పెట్టెలో పెట్టాం. హెడ్ పోస్టాఫీసులో కౌంటర్ మీద ఉన్న మేడమ్ కస్టమ్స్ కాగితం నాతోపాటు కూర్చుని నింపించారు, లైనులో ఉన్నవాళ్ళు కూడా సంగతి తెలిసి విసుక్కోకుండా ఆగారు. వాళ్ళందరికీ కూడా థాంక్స్.

ఇది నడుస్తుండగా కొంటామని కొందరు మెసేజ్‌లు పెట్టారు, పేరున్న టోపీకి రేటు ఎక్కువట. కోపం లేదు, కానీ అది అమ్మే హక్కు మాకెప్పుడూ లేదు. మీ ఇళ్ళల్లో అటకల మీద ఇలాంటి టోపీ, మాస్కు, చేతితొడుగులు, లైఫ్ జాకెట్టు ఏదున్నా దయచేసి తుడవకండి, కడగకండి, పాలిష్ పెట్టకండి. ముందు లోపలి వైపు ఫోటోలు తీయండి, చీటీలు చింపకండి, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ముక్క ఎంత చిన్నదైనా కాగితం మీద పెట్టండి. పేరో నంబరో కనిపిస్తే నాకు మెసేజ్ చెయ్యండి, నాకు తెలిసింది చెబుతాను, తెలియనిదానికి పైన చెప్పిన పెద్దలు ఉన్నారు.

టోపీలో పై వరసలో కొట్టేసిన పేరు ఎవరిదో ఇంకా తేలలేదు. మొదటి అక్షరం ఇంగ్లిషు హెచ్‌లా ఉంది, ఇంటిపేరు పొడుగైనదే. టోపీ పంపేముందు ఊదారంగు లైటు కింద, పక్కనుంచి టార్చి వేసి తీసిన ఫోటోలు నా దగ్గరున్నాయి. పాత రాతలు చదవడం చేతనైనవాళ్ళు ఎవరైనా అడగండి, పంపిస్తాను. అలాగే 1942, 43 ప్రాంతాల్లో వాల్తేరు ఎయిర్‌ఫీల్డులో కూలీగానో, వంటకో, బట్టలుతకడానికో, దర్జీ పనికో వెళ్ళినవాళ్ళ పిల్లలూ మనవలూ ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఎక్కడున్నా ఒకసారి పలకండి. అడిలైడ్ ఆవిడ కూడా వాళ్ళ గురించే అడుగుతోంది.