ఒక్క నిమిషం అడుగుతున్నాం

గౌరవనీయులైన గుంటూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. ప్రత్తిపాడు మీదుగా పర్చూరు వెళ్లే రోడ్డు మీద, మిరప చేల మధ్య ఉన్న ఒక ఊరి నుంచి రాస్తున్నాను. బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయురాలిని. ఊరి పేరు, సంతకాలు మీకు విడిగా పంపిన అర్జీలో ఉన్నాయి. ఇక్కడ కావాలనే రాయలేదు. రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లున్న ఏ ఊరి పేరు పెట్టుకున్నా ఈ ఉత్తరంలో మార్చవలసిన మాటలు పెద్దగా ఉండవు.

ఊరి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా కిలోమీటరు ఉంటుంది. ఆ కిలోమీటరు మేర ఏ వాహనమూ గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని ఆదేశం ఇప్పించండి. మేము కోరేది ఇదే.

కొన్నేళ్ల కిందట మా రోడ్డు నిండా గుంతలే. వాన పడితే ఏది గుంతో ఏది రోడ్డో తెలిసేది కాదు. పురిటి నొప్పులతో ఉన్న ఆడవాళ్లను ఆటోలో గుంటూరు తీసుకువెళ్లేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్లం దేవుడికి దండాలు పెట్టుకునేవాళ్లం. రోడ్డు వేయించమని ఎన్నో అర్జీలు పెట్టాం. చివరికి వేశారు. తారు ఆరకముందే పిల్లలు దాని మీద సైకిళ్లు తొక్కారు, ఊరంతా సంతోషించింది. ఇప్పటికీ ఆ రోడ్డు వద్దని ఎవరూ అనడం లేదు. కాకపోతే అంతవరకు బండ్ల వేగాన్ని పట్టి ఉంచినవి ఆ గుంతలేనని మాకు తరవాతే తెలిసింది. గుంతలు పోయాయి, వాటి స్థానంలో వేగాన్ని ఆపేది ఏదీ పెట్టలేదు.

మా ఇళ్లకు ప్రహరీలు తక్కువ. అరుగు దిగితే రోడ్డు మార్జిను, మార్జిను దాటితే తారు. పాల కేంద్రం ఒక వైపు, బడి ఇంకో వైపు. తెల్లవారుజామున పాల క్యాన్లు పట్టుకున్నవాళ్లు, ఆటోల కోసం నిలబడే మిరప కోతల కూలీలు, చేలకు తోలుకెళ్లే గేదెలు, అందరూ ఆ రోడ్డు మీదే. కోతల కాలంలో మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకెళ్లే లారీలు, ట్రాక్టర్లు వీటన్నిటి మధ్య నుంచే పోవాలి.

ధనుర్మాసం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ నెల రోజులూ చీకటి ఉండగానే ఆడవాళ్లు లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేస్తారు. వాకిలి అంటే మాకు రోడ్డు మార్జినే. మొన్నటి ధనుర్మాసంలో మా వీధి కోడలు ఒకామె వంగి చుక్కలు పెడుతూ ఉంది. మంచు పట్టి ఉంది. ఒక కారు మలుపు తిరిగి వచ్చి, గేదెను తప్పించబోయి మార్జినులోకి దిగింది. ఆమె ప్రాణం దక్కింది. తొడ ఎముక విరిగి రాడ్డు వేశారు. ఆ ఏడాది కోతలకు వెళ్లలేకపోయింది. సంక్రాంతి నాడు మా వీధిలో ఒక్క ఇంటి ముందు కూడా ముగ్గు లేదు. వేయకూడదని ఎవరూ అనుకోలేదు, వేయడానికి ఎవరికీ కాళ్లు ఆడలేదు.

ఆ కారు నడిపిన అబ్బాయి పారిపోలేదు. ఆమెను తన కారులోనే ఆసుపత్రికి చేర్చాడు. తాగి లేడు, ఫోను చూడటం లేదు. రోడ్డు బాగుంది కదా అని మామూలుగా పోయే వేగంతోనే పోతున్నాడు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. చెడ్డవాడు చేసిన పని అయితే వాడిని శిక్షిస్తే సరిపోయేది.

తరవాత మేము ఒక పని చేశాం. రోడ్డు అంచున సున్నంతో రెండు గుర్తులు పెట్టాం, మధ్య సరిగ్గా 100 మీటర్లు. తొమ్మిదో తరగతి పిల్లలు ఫోనులో సెకన్లు లెక్కపెట్టారు, నేను కాగితం మీద రాశాను. ఆ దూరం దాటడానికి 12 సెకన్లు పడితే వేగం గంటకు 30 కిలోమీటర్లు. ఆరు సెకన్లయితే 60. ఐదయితే 72. నాలుగయితే 90. పన్నెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ పట్టినవి ఎద్దుబండి, సైకిళ్లు, సరుకు నిండుగా ఉన్న ట్రాక్టర్లు. నాలుగు అంకె వచ్చిన ప్రతిసారీ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ కాగితాలు అర్జీకి జతచేశాం. పోలీసుల దగ్గరుండే స్పీడ్ గన్నుతో మళ్లీ కొలిపించండి, మా లెక్క తప్పని తేలితే ఒప్పుకుంటాం.

రామాలయం దగ్గర మలుపు తిరిగాక పాల కేంద్రం ముందు నిలబడ్డవాళ్లు కనిపించేది పాతిక మీటర్ల దూరం నుంచే. గంటకు 60 కిలోమీటర్లతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు నడుస్తుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేసేలోగా ఒక సెకను గడిస్తే 17 మీటర్లు అక్కడే అయిపోతాయి. మిగిలిన ఎనిమిది మీటర్లలో అది ఆగదు. 30తో వచ్చే కారు పాతిక మీటర్ల లోపే ఆగుతుంది. వేగం రెట్టింపయితే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఇది పిల్లలకు బడిలో చెప్పే భౌతికశాస్త్రమే. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 మించరాదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ సదస్సు ప్రకటించింది కూడా.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క. అందులో పదింట ఏడు మరణాలకు కారణం అతివేగమని అదే నివేదిక చెబుతోంది. మూడింట రెండు వంతుల మరణాలు పల్లె ప్రాంతాల్లోనే. పట్నంలో సిగ్నలుంటుంది, కానిస్టేబులుంటాడు, కనీసం రద్దీ అయినా బండిని ఆపుతుంది. మా దగ్గర అవేవీ లేవు.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ ప్రమాదం జరిగిన వారంలో మా కుర్రవాళ్లు ఆవేశంతో మట్టీ కంకరా పోసి రోడ్డుకు అడ్డంగా కట్ట వేశారు. నేను వద్దని గట్టిగా చెప్పలేదు. మూడో రోజు రాత్రి పక్క ఊరి దంపతులు బండి మీద వస్తూ దాని మీద పడ్డారు, ఆమె మోచేయి విరిగింది. మర్నాడే తవ్వి తీసేశాం. ఆమెకు క్షమాపణ చెప్పి వచ్చాం. స్పీడ్ బ్రేకరుకు ఒక కొలత ఉంటుందని తరవాత తెలుసుకున్నాను. రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి హంప్ మీద గంటకు 25 కిలోమీటర్లతో ఎవరూ ఎగిరిపడకుండా దాటవచ్చు. దాని మీద రంగు గీతలుండాలి, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డుండాలి. అది ఇంజనీర్లు వేయవలసినది. మా చేతుల్లో వదిలేస్తే అది ప్రాణాల మీదికి వస్తుందని అనుభవంతో చెబుతున్నాను.

అర్జీ ముందు ఒక కార్యాలయంలో ఇచ్చాం. అది తమ పరిధి కాదని ఇంకో చోటికి పంపారు. అక్కడివారు మళ్లీ మొదటి చోటే అడగమన్నారు. ఎవరినీ నిందించడానికి ఇది చెప్పడం లేదు. రోడ్డు ఒకరిది, బోర్డు ఒకరిది, చలానా ఒకరిది. అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగలిగేది జిల్లా రహదారి భద్రతా కమిటీ, దానికి అధ్యక్షులు మీరు. అందుకే మీకు రాస్తున్నాను.

చట్టం అడ్డు కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 112వ సెక్షను ప్రకారం ప్రజల భద్రత కోసం గానీ, రోడ్డు స్వభావాన్ని బట్టి గానీ రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చినవారు, ఒక రోడ్డుకు ప్రత్యేకంగా వేగ పరిమితి పెట్టవచ్చు. బోర్డులు నిలబెట్టే సంగతి 116వ సెక్షనులో ఉంది. మధ్యలో డివైడరు లేని మామూలు రోడ్ల మీద కార్లకు 70, సరుకు వాహనాలకు 60 అని 2018లో కేంద్రం గరిష్ఠ పరిమితులు ప్రకటించింది. చేల మధ్య అది సరిపోతుందేమో. మా అరుగుల ముందు సరిపోదు.

ఒక్క బోర్డు పాతితే అందరూ ఆగిపోతారని నేను అనుకోవడం లేదు. ఊరికి రెండు చివరలా రోడ్డు రూపమే మారాలి. లోపలికి వస్తున్నామని తెలిసేలా గీతలు, ఊరి మొదట్లో సన్నబడే రోడ్డు, బడి దగ్గరా పాల కేంద్రం దగ్గరా కొలత ప్రకారం హంపులు, రామాలయం మలుపులో దీపాలు కావాలి. చలానాలు మేము కోరడం లేదు. ఆ లారీలూ ఆటోలూ నడిపేవాళ్లలో మా పిల్లలున్నారు. వాళ్ల నెల జీతంలోంచి జరిమానా పోవాలని ఏ తల్లీ కోరదు.

సరుకు ఆలస్యమవుతుందని కొందరన్నారు. లెక్క చూద్దాం. మా కిలోమీటరును 60తో దాటితే ఒక నిమిషం. 30తో దాటితే రెండు నిమిషాలు. తేడా ఒక్క నిమిషం. యార్డు ముందు లారీ వరుసలో ఎన్ని గంటలు నిలబడుతుందో టిక్కీలు మోసినవాళ్లను ఎవరిని అడిగినా చెబుతారు.

మా పక్కనున్న పెదనందిపాడు ప్రాంతపు రైతులు 1921-22లో ప్రభుత్వానికి పన్ను కట్టబోమని నిలబడ్డారు. ఆ కథ వింటూ పెరిగినవాళ్లం మేము. పట్టుదల మాకు కొత్త కాదు. కానీ రోడ్డు మీద బైఠాయించి బస్సులు ఆపాలని మాకు లేదు. ఆ బస్సుల్లో ఆసుపత్రులకు పోయేవాళ్లుంటారు.

ఒకసారి మీరే రండి. సభ వద్దు, ముందుగా కబురు కూడా వద్దు. తెల్లవారుజామున ఐదున్నరకు పాల కేంద్రం ముందు పావుగంట నిలబడండి. మీతో రోడ్డు ఇంజనీరుగారినీ, ఎస్‌ఐగారినీ తీసుకురండి. సున్నం గుర్తులు అక్కడే ఉన్నాయి, పిల్లలు ఫోనుతో వస్తారు.

ధనుర్మాసం డిసెంబరు మధ్యలో మొదలవుతుంది. తొడ ఎముక విరిగిన మా వీధి కోడలు ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది. ఈసారి వాకిట్లో ముగ్గు వేస్తానంటోంది. ఆలోగా బోర్డులు పడేలా చూడండి.

ఇట్లు,
ఊరి తరఫున,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు