శాలువా వద్దు, సర్వేయర్‌ని పంపండి: తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఇది ఒక మనిషి గురించి రాస్తున్న ఉత్తరం. కానీ ఆయన పేరు ఇందులో ఎక్కడా కనపడదు. రాస్తున్నామని చెప్పగానే ముందు నవ్వాడు, తర్వాత "నా పేరు రాసిన్రంటే ఇగ మీతోని గుట్టకు రాను" అని తేల్చేశాడు. 68 ఏళ్ల మనిషి ఆదివారం గుట్ట మానేస్తానంటే మాకు భయం వేసింది. అందుకే మేం రోజూ పిలిచినట్టే ఇక్కడా "అన్న" అనే రాస్తున్నాం.

అన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. అది ఇల్లు గడవడానికి చేసిన పని. 40 ఏళ్లుగా ఆదివారం తెల్లవారుజామున చేస్తున్న పని వేరే. మౌలాలిలో, ఖాజాగూడలో, భువనగిరి కోట బండ మీద మాలాంటివాళ్లకు రాళ్లెక్కడం నేర్పుతాడు. సెలవులు కూడబెట్టుకుని మమ్మల్ని హిమాలయాలకు తీసుకెళ్లేవాడు, తీసుకెళ్లినవాళ్లందరినీ తిరిగి ఇంటికి చేర్చేవాడు. రెండోదే కష్టమని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతి కింద చెప్తాను.

మేమంతా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లం. మాలో సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, బ్యాంకు వాళ్లున్నారు, ఇద్దరు టీచర్లు, ఒక ఆటో డ్రైవరు, ఒక పళ్ల డాక్టరు ఉన్నారు. అన్నకు ఘనంగా సన్మానం చేద్దామని ఈ మధ్య అనుకున్నాం. హాలు, శాలువా, మెమెంటో, ముఖ్య అతిథిగా మీరు. అన్న ఒప్పుకోలేదు. "ఇంట్ల రెండు శాలువాలున్నయ్, హైదరాబాద్‌ల అంత చలి యాడుంది?" అన్నాడు. బీరువా తెరిచి ఒక పాత లాంగ్ నోటుబుక్కు తీసి మా ముందు పెట్టాడు. మీకు ఈ లేఖ రాయడానికి కారణం ఆ నోటుబుక్కు.

అట్ట ఊడిపోయింది, దారంతో కుట్టాడు. లోపల పేజీకి ఒక బండ చొప్పున పెన్సిల్‌తో గీసిన బొమ్మలు. చెయ్యి ఎక్కడ పట్టాలి, కాలు ఎక్కడ ఆనించాలి, తాడు కట్టడానికి గట్టి ఆధారం ఏది, ఎండ ఎన్నింటికి పడుతుంది, తేనెతుట్టె ఏ వైపు ఉంది, దిగేదారి ఎటు. ప్రతి దారికీ ఒక పేరు. "దోశ", "అత్తగారి ముక్కు", "ఫిట్టర్ నెర్రె". మరీ కష్టమైన ఒకదానికి "జీతం రాని నెల" అని పెట్టాడు. ఫిట్టర్ చెయ్యి కదా, కొలతలు కూడా అంగుళాల్లో ఉన్నాయి.

చాలా పేజీల మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసి ఉంది. ఎక్కలేకపోయినవేమో అనుకున్నాను. కాదట. ఆ బండ ఇప్పుడు లేదని గుర్తు. మాదాపూర్ వైపు పేజీలు, జూబ్లీహిల్స్ పేజీలు, నానక్‌రామ్‌గూడ పేజీలు. నేను కొట్టేసినవి లెక్కపెట్టడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. అన్న టీ తాగుతూ "బండ యాడికి పోతది, పోతే మనమే పోతం అనుకున్న" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

మంత్రి గారూ, ఈ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగి గడ్డకట్టిన గ్రానైట్ ఇది. పైన ఉన్నదంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయి బయటపడింది. పగుళ్లలోకి నీళ్లు దిగి, ఎండకు వానకు మూలలు అరిగి, ఉల్లిపొరల్లా పైపొరలు ఊడిపోగా మిగిలినవే మనం చూసే ఈ గుండ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు కనపడతాయి కానీ ఎవరూ పేర్చలేదు, చుట్టూ ఉన్నది పోతే అవి అలా మిగిలాయి. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లో అంతకు కాస్త ఎక్కువో అయి ఉంటుంది. అందుకే అన్న "హిమాలయం మన మౌలాలి గుట్టకు మునిమనవడు, పెద్దాయనకు దండం పెట్టి పిల్లగాని దగ్గరికి పోవాలె" అంటాడు.

ఈ రాళ్ల సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) ఉన్న రోజుల్లో 13వ రెగ్యులేషన్ కింద 9 శిలాసమూహాలను వారసత్వ సంపదగా గుర్తించారు. దుర్గం చెరువు చుట్టూ ఉన్న కొండరాళ్లు, శిల్పారామం దగ్గరి ఎలుగుబంటి ముక్కు, సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి, మౌలాలి దగ్గరి కాపలా రాయి ఆ జాబితాలోవే. ఆ రెగ్యులేషన్ 2015 చివర్లో రద్దయింది. 2017లో రాష్ట్రం కొత్తగా వారసత్వ చట్టం తెచ్చుకుంది. రాళ్ల కోసం 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు పోరాడుతూనే ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడాన్ని సుప్రీంకోర్టు ఆపినప్పుడు ఊరంతా చెట్ల గురించి, జింకల గురించి మాట్లాడింది. మంచిదే. రాళ్ల గురించి కూడా కొందరు మాట్లాడారు, కానీ రాయికి జింక కళ్లు ఉండవు కదా.

ఇక అన్న నేర్పే తీరు. ఆయన కుర్రతనంలో ఈ ఊళ్లో సామాను దొరికేది కాదు. కాన్వాస్ బూట్లు, నడుముకు చుట్టుకున్న తాడు, అంతే. 1986లో జీతం లేని సెలవు పెట్టి ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేసి వచ్చాడు. ఆ తర్వాత నుంచి నియమాలు మొదలయ్యాయి. ఎక్కేవాళ్లెవరైనా సరే, తాడు కట్టుకున్నాక ఆయన ముందు నిలబడాలి. "ముడి సూపెట్టు" అంటాడు. ఎనిమిది అంకెలా ఉండే ఫిగర్ ఎయిట్ ముడి మీద వేలు పెట్టి, తాడు వెళ్లిన దారంతా తడిమి చూసి, తోక ఎంత మిగిలిందో చూసి, అప్పుడు పొమ్మంటాడు. నేను 22 ఏళ్లుగా ఎక్కుతున్నాను. పోయిన ఆదివారం కూడా చూపించాను. బెలే చేసేవాడు, అంటే కింద నిలబడి తాడు పట్టుకునేవాడు, ఫోను ముట్టుకుంటే ఆ రోజుకు వాడి పని అయిపోయినట్టే. ఒకసారి మా పళ్ల డాక్టరు గారిని పేషెంట్ ఫోను ఎత్తినందుకు నెల రోజులు తాడు ముట్టనివ్వలేదు.

నైలాన్ తాడుకూ ఆయుష్షు ఉంటుంది. వాడకుండా చుట్టి పెట్టినా 10 ఏళ్లు దాటితే పక్కన పెట్టాలని తయారుచేసేవాళ్లే చెప్తారు. అన్న ప్రతి తాడుకూ కొన్న తేదీ, ఎన్నిసార్లు బరువు పడింది, అన్నీ రాసుకుంటాడు. గడువు అయిపోతే ముక్కలుగా కోసి వాడకట్టులో పంచుతాడు. మీరెప్పుడైనా ఆ గల్లీకి వెళ్తే, ప్రతి ఇంటి ముందూ బట్టలారేసే తాడు రంగురంగుల క్లైంబింగ్ తాడే. ఇంత గట్టి దండేలు హైదరాబాద్‌లో ఇంకెక్కడా ఉండవు.

గుట్ట మీద మర్యాద కూడా ఆయన నేర్పిందే. మౌలాలిలో దర్గా వైపు ఎప్పుడూ ఎక్కం. రజబ్ నెలలో ఉర్సు జరిగే రోజుల్లో తాళ్లు బయటికే తియ్యం. ఖాజాగూడలో గుడికి వచ్చేవాళ్లుంటే పక్కకు జరిగి నిలబడతాం. వాన వెలిసిన వారం నెర్రెల్లో చెయ్యి పెట్టకూడదు, పాములుంటాయి.

హిమాలయాల సంగతి చెప్తానన్నాను. 2012 ఆగస్టులో ఏడుగురం లద్దాఖ్‌లోని స్టోక్ కాంగ్రీకి వెళ్లాం, 6,153 మీటర్లు. మధ్యాహ్నం నుంచీ నాకు తలనొప్పి. చెప్తే ఆపేస్తాడని దాచాను. అర్ధరాత్రి బయల్దేరాం. మూడున్నర ప్రాంతంలో అన్న నా దగ్గరికి వచ్చి మంచు మీద ఐస్ యాక్స్‌తో, అంటే మంచు గొడ్డలితో, ఒక గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు నడవమన్నాడు. మూడో అడుగుకే పక్కకు ఒరిగాను. అంత ఎత్తులో మెదడు వాచడం మొదలైతే మనిషి తాగినవాడిలా తూలతాడు. మందులున్నా, అసలైన మందు వెంటనే కిందికి దిగడమే. మిగతావాళ్లను స్థానిక గైడుతో పైకి పంపి, అన్న నా హార్నెస్‌కు, అంటే నడుముకు తొడుక్కునే పట్టీకి, తాడు కట్టుకుని కిందికి దించాడు. దారంతా నేను తిట్టాను. ఏం తిట్టానో నాకు గుర్తులేదు, మిగతావాళ్లకు చెప్పడానికి ఆయన కూడా ఇష్టపడలేదు.

ఆ శిఖరం అన్న అప్పటిదాకా ఎక్కలేదు. తర్వాతా వీలుపడలేదు, 2020లో ఎక్కేవాళ్లకు దాన్ని మూసేశారు. నేను మాత్రం ఏడాది పాటు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు, నన్ను అందరి ముందు చిన్నబుచ్చాడని. ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

మౌలాలి బస్తీ పిల్లలకు అన్న పైసా తీసుకోకుండా నేర్పాడు. వాళ్లలో ఒకడు ఇప్పుడు గచ్చిబౌలి వైపు ఎత్తైన మేడలకు తాడు మీద వేలాడుతూ అద్దాలు తుడుస్తాడు. నెలకు ఇంట్లోకి సరిపడా సంపాదిస్తున్నాడు, హార్నెస్ కంపెనీ ఇచ్చింది, ముడి మాత్రం అన్న నేర్పిందే. వాడు తుడిచే ఒక మేడ ఉన్నచోటే ఒకప్పుడు నోటుబుక్కులోని 31వ పేజీ బండ ఉండేది. రెండు గుండ్ల మధ్య సందులో వీపు ఒకవైపు, పాదాలు ఒకవైపు ఆనించి పైకి జరగడం నాకు అక్కడే వచ్చింది. మేడ కట్టొద్దని మేం అనడం లేదు. మాలో సగం మంది జీతాలు ఆ మేడల్లోంచే వస్తాయి. బండకు మందుపెట్టి కొట్టిన కూలీల మీద కూడా మాకు కోపం లేదు. కానీ కట్టేముందు ఆ బండ ఏమిటో ఎవరైనా ఒకసారి చూశారా అనేదే మా బాధ.

కొన్నేళ్ల కింద ఒక ఆఫీసులో, గుట్ట మీద పిల్లలకు నేర్పడానికి అనుమతి అడిగాం. "రాళ్లెక్కడానికి పర్మిషన్ ఎందుకండీ" అని ఒకే గుక్కలో అడిగి, "పడితే బాధ్యత ఎవరిది" అని కూడా అడిగారు. ఫారంలో క్రీడ పేరు దగ్గర "ఇతరములు" అని రాయించారు. జవాబు రాలేదు.

బండలెందుకు, ఎక్కడానికి కృత్రిమ గోడ కడతాం అని కొందరు పెద్దలు అంటుంటారు. కట్టండి, తప్పకుండా కట్టండి. టోక్యో ఒలింపిక్స్ నుంచి స్పోర్ట్ క్లైంబింగ్‌కు పతకాలున్నాయి, స్పీడ్ పోటీకి 15 మీటర్ల గోడ కావాలి, మన పిల్లలకు అది అందాలి. కానీ గోడా బండా ఒకటి కావు. 2014 మే 25న మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కినప్పుడు రాష్ట్రమంతా పండగ చేసుకుంది. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు వాళ్లు. వాళ్ల శిక్షణ మొదలైంది భువనగిరి బండ మీద. ఆ బండ మీద కోట ఉంది కాబట్టి అది మిగిలింది. కోట లేని బండలను ఎవరు కాపాడతారు?

మేం అడిగేది ఇదీ. మీ శాఖ నుంచి ఒక అధికారిని, జీపీఎస్ పట్టుకున్న ఒక సర్వేయర్‌ని నాలుగైదు ఆదివారాలు మాతో పంపండి. నోటుబుక్కులో ఎర్ర ఇంకు పడని పేజీలన్నీ అన్న నడిచి చూపిస్తాడు. ఏ బండ ఏ సర్వే నంబరులో ఉంది, సర్కారుదా, దేవాదాయ భూమా, వక్ఫా, పట్టానా, రాసుకోండి. సర్కారు భూమిలో ఉన్నవాటిని 2017 చట్టం కింద నోటిఫై చేయించండి. పట్టా భూమిని లాక్కోమని మేం అనం. లేఅవుట్‌లో ఎలాగూ కొంత ఖాళీ జాగా వదలాలి, ఆ జాగా బండ ఉన్నవైపు వచ్చేలా ప్లాన్ గీయించొచ్చు. దీనికి కోట్లు అక్కర్లేదు.

తొందర ఎందుకంటే అన్న కుడి మోకాలు అరిగిపోయింది. మెట్లెక్కడం తగ్గించమని డాక్టరు చెప్పాడు. "మెట్లే కదా వద్దన్నడు, బండ వద్దనలే" అని అన్న వాదన. ఆ వాదన ఇంకెన్నాళ్లు చెల్లుతుందో మాకు టెన్షన్‌గా ఉంది. పెన్సిల్ గీతలు కూడా చెరిగిపోతున్నాయి. మేం ఫోన్లలో ఫొటోలు తీసుకున్నాం కానీ, "చింతచెట్టుకు ఎడమపక్క" అని రాసినచోట ఇప్పుడు చింతచెట్టు లేదు. అక్కడికి తీసుకెళ్లగలిగేది ఆయన ఒక్కడే.

మీరే ఒక ఆదివారం వస్తే ఇంకా సంతోషం. చలికాలమైతే ఆరింటికి, ఎండాకాలమైతే ఐదున్నరకు మౌలాలి మెట్ల దగ్గరికి రండి, తొమ్మిది దాటితే బండ పెనమే. అడుగు అరిగిపోయిన చెప్పులు వద్దు. అత్తరు, సెంటు రాసుకోకండి, పైన తేనెటీగలున్నాయి. మీ వెంట వచ్చేవాళ్లను తగ్గించుకుంటే మంచిది. ఎక్కాలని లేకపోతే కింద కూర్చుని టీ తాగొచ్చు. ఎక్కుతానంటే మాత్రం, తాడు కట్టుకున్నాక అన్న మీ ముందుకొచ్చి ముడి చూపించమంటాడు. మంత్రి గారని వదలడు, ముందే చెప్తున్నాం.

ఇట్లు,
అన్న దగ్గర తాడు పట్టడం నేర్చుకున్నవాళ్లం,
హైదరాబాద్