పర్లా మాస్టారికి, పై అంతస్తు అక్కకి, లైబ్రరీ ఆవిడకి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి షికాగో పక్కకి వచ్చి రెండేళ్ళవుతోంది. ఇక్కడ నాకు చదువుకోడానికి పుస్తకం దొరికేలా చేసినవాళ్ళకి ఫోన్లో థాంక్స్ చెప్పాను కానీ నలుగురిలో చెబితేనే తృప్తి. కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మేం ఒడిశాలో పడ్డాం, పక్కనున్న పాతపట్నం తెలుగు వైపే ఉండిపోయింది. నేను బడిలో చదివింది ఒడియా. తెలుగు నాన్న నేర్పారు, అదీ అట్ట లేని ఒక పిల్లల కథల పుస్తకంతో. ముందు పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి, వెనక ఇరవై పేజీల దాకా చెదలు తినేశాయి. వారపత్రిక కావాలంటే ఆటో ఎక్కి పాతపట్నం వెళ్ళేవాళ్ళం. అంచేత చదువుకోడానికి సరిహద్దు దాటడం నాకు కొత్త కాదు, ఛార్జీయే కొత్త.

నాది మా ఆయన ఉద్యోగ వీసాకి తోడుగా వచ్చిన హెచ్-4 వీసా, ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఆయన ఒక్క జీతం మీద అద్దె, కారు, ఇన్సూరెన్సు పోగా మిగిలేదాంట్లో పుస్తకాలకి అడగాలంటే నోరు రాదు. ఒకసారి 180 రూపాయల పుస్తకం తెప్పించుకుందామని చూస్తే, కొరియర్ వాళ్ళు ఒక్కదానికే రెండు వేల పైన చెప్పారు. ఫోన్ పక్కన పడేసి వంట చేసుకున్నాను. ఆ రోజుల్లో పప్పు ప్యాకెట్ మీద రాసింది కూడా చదివేదాన్ని, నవ్వకండి.

ముందుగా పై అంతస్తు అక్కకి. ఆవిడది సిక్కోలు. మెట్ల దగ్గర మాటల్లో ఈ గోడు వెళ్ళబోసుకుంటే "ఏటి, ఇంకా లైబ్రరీ కార్డు తీసుకోలేదేటి?" అంది. డిపాజిట్ కట్టాలేమో అని అటు వెళ్ళనే లేదు. పైసా కట్టక్కర్లేదట, మన పేరుతో ఆ ఊరి అడ్రసు ఉన్న కాగితం ఒకటి చూపిస్తే చాలట. అక్కడే చిక్కొచ్చింది. కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం అన్నీ ఆయన పేరు మీదే. ఈ ఇంట్లో నేనూ ఉంటున్నానని చెప్పే కాగితం ముక్క లేదు! అక్కే ఆలోచించి, బ్యాంకులో జాయింట్ అకౌంటుకి నా పేరు చేర్పించి, వాళ్ళు పంపిన ఉత్తరం పట్టుకుని నన్ను తీసుకెళ్ళింది. నా పేరుతో ఈ దేశంలో వచ్చిన మొదటి ఉత్తరం అదే.

కార్డు వచ్చాక ఇంగ్లీషు పుస్తకాలకి లోటు లేదు. లిబ్బీ అని యాప్ ఉంది, అదే కార్డు నంబరుతో ఫోన్లోకి పుస్తకాలు అరువొస్తాయి. ఏడాదికి రెండుసార్లు లైబ్రరీ కింది గదిలో పాత పుస్తకాలు అమ్ముతారు. ఆఖరి రోజు మధ్యాహ్నం దాకా ఆగితే సంచీ లెక్క, ఎన్ని పడితే అన్ని 5 డాలర్లు. సంచీలో పుస్తకాలు నిలువుగా పేర్చాలని అక్క చెప్పింది. బుడ్డోడికి 31 పుస్తకాలు పట్టాయి.

తెలుగు మాత్రం లేదు. అంటే అరలో లేదు.

ఇప్పుడు మాస్టారు. ఎనభై దాటినవారు, మా నాన్నకీ పాఠం చెప్పారు. ఆ అట్ట లేని పుస్తకం పేరేమిటో నాన్నకే తెలీదు. మాస్టారికి ఫోన్ చేసి అందులో ఒక కథ సగం చెప్పానో లేదో, పేరు చెప్పేశారు. ఆ పేరు రాసుకుని లైబ్రరీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. వేరే లైబ్రరీల్లో ఉన్నవి కూడా వీళ్ళు తెప్పించిపెడతారు, మా దగ్గర దానికీ డబ్బు తీసుకోరు. ఆవిడకి తెలుగు అక్షరం రాదు. పేరు "చ"తో మొదలవుతుంది, మనం రాసినట్టు సీ హెచ్ అని కొడితే ఏమీ రాలేదు. ఆవిడ ఏదో పట్టిక తీసి, ఇక్కడి కేటలాగుల్లో "చ"కి సీ ఒక్కటే, హెచ్ కలిపితే "ఛ" అవుతుందని కనిపెట్టింది. హెచ్ తీసేసింది. వచ్చింది! విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఇలా వెతుక్కునే వాళ్ళెవరైనా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, నాకు నెల పట్టింది.

పన్నెండు రోజులకి చేతికొచ్చింది. నడుముకి కాగితం పట్టీ చుట్టి, దాని మీద గడువు తేదీ. వెనక అట్ట లోపల అంటించిన చీటీ మీద ఒకే ఒక్క ముద్ర, 1971. అట్ట! ఆ పుస్తకానికి అట్ట ఉంటుందని, దాని మీద నెమలి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. లోపలి పేజీలో పి.ఎల్. 480 అని ఉంటే ఫొటో తీసి మాస్టారికి పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేసి ఒకటే నవ్వు. "ఆ గోధుమ నూక మేమే తిన్నామమ్మా!"

పి.ఎల్. 480 అంటే 1954 నాటి అమెరికా చట్టం. దాని కింద అమెరికా మనకి గోధుమలు పంపితే మనం రూపాయల్లోనే చెల్లించాం కదా. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీలకి పంపారట. బియ్యం దొరక్క నూక ఉడకేసుకున్న ఇళ్ళలో మాస్టారిదీ ఒకటి. అందుకని ఈ పుస్తకం నేను ఉచితంగా తెచ్చుకున్నానని అనకూడదట, ఎప్పుడో డబ్బు కట్టేసిందేనట. ఆయన లెక్క ఆయనది.

చెదలు తినేసిన కథలకి నాన్న చిన్నప్పుడు సొంతంగా ముగింపులు కట్టి చెప్పేవారు. అసలువి చదివాను. నిజం చెప్పాలంటే నాన్నవే బాగున్నాయి. ఆ మాట ఆయనకి చెబితే "అయితే ఆ పుస్తకం తొందరగా తిరిగిచ్చేయ్, ఇంకెవరికైనా పనికొస్తుంది" అన్నారు.

ఇచ్చేశాను, గడువుకి రెండు రోజుల ముందే. అక్కా, మాస్టారూ, ఇది తెలుగులో చదవలేని లైబ్రరీ తల్లీ, మీకు చాలా చాలా థాంక్స్. పర్లా వాళ్ళకి ఒక మాట: సంక్రాంతికి వస్తున్నాను. 23 కిలోల పెట్టె ఒకటి ఖాళీగా తెస్తున్నాను. పాత వారపత్రికలు, పిల్లల పుస్తకాలు తూకానికి వేసేముందు మాస్టారి అరుగు మీద పెట్టండి. అట్టల్లేకపోయినా పర్వాలేదు.