పాత రికార్డు కొనేముందు ఆఖరి పాట వినండి

సంపాదకులకు,

జాజ్ రుచి చూడాలనుకునే రాక్ అభిమానికి అమెరికన్ సంగీత బృందం స్టీలీ డాన్ పాటల సంకలనం ‘గ్రేటెస్ట్ హిట్స్’ (1978) ఒక్కటి చాలునని మీ ఆదివారం అనుబంధం తేల్చేసింది. మొదలుపెట్టడానికి మంచిదే. చాలునంటే మాత్రం ఒప్పుకోలేం.

రెండు రికార్డులు, 18 పాటలు. 17 పాటలు 1972–77 మధ్య వచ్చిన ఆరు ఆల్బమ్‌లలోంచి ఏరినవి. ‘హియర్ ఎట్ ది వెస్ట్రన్ వరల్డ్’ ఒక్కటే అంతకుముందు విడుదల కానిది. ‘డూ ఇట్ అగైన్’లో ఎలక్ట్రిక్ సితార్, ‘డాక్టర్ వూ’లో ఫిల్ వుడ్స్ ఆల్టో సాక్సఫోన్ ఇందులోనే దొరుకుతాయి. ‘రికీ డోంట్ లూజ్ దట్ నంబర్’ ఎత్తుగడ జాజ్ పియానిస్టు హొరేస్ సిల్వర్ బాణీని గుర్తుచేస్తుంది. ఈ బృందం ‘మ్యూ కార్డ్’ అని పిలుచుకున్న స్వరసమూహం మనకు కొత్తదేమీ కాదు. స రి గ ప, అంటే ధైవతం లేని మోహనం. రి, గ పక్కపక్కనే ఒకేసారి మోగడంలోనే దాని అందమంతా ఉంది. హార్మోనియం ఉన్నవాళ్లు నాలుగు మెట్లూ కలిపి నొక్కి చూడొచ్చు.

లోటల్లా 1977 నాటి ‘అజా’ ఆల్బమ్ విషయంలో. (రాసేది అలాగైనా ‘ఏషియా’ లాగే పలకాలి.) దాన్నుంచి ‘పెగ్’, ‘జోసీ’ మాత్రమే తీసుకున్నారు. ‘డీకన్ బ్లూస్’ లేదు. ఎనిమిది నిమిషాల ‘అజా’ పాటా లేదు. వేన్ షార్టర్ టెనర్ సాక్సఫోన్, స్టీవ్ గాడ్ డ్రమ్స్ ఎదురెదురుగా నిలిచేది ఆ పాటలోనే. అది వినకుండా ఈ బృందంలోని జాజ్ తెలిసిందనుకోవడం పొరపాటు.

ఇక కొనడం సంగతి. పాత రికార్డు అమ్మేవాళ్లు ప్రతి వైపూ మొదటి పాటే వినిపిస్తారు. మీరు ఆఖరిది అడగండి. నాలుగో వైపు ఆఖరి పాట ‘జోసీ’ పెట్టించుకుంటే రికార్డు గుట్టు తెలిసిపోతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డులో బయటి అంచున గాడి నీడిల్ కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు సాగుతుంది, లేబుల్ దగ్గర 20కి పడిపోతుంది. అక్కడ శబ్దమంతా ఇరుకున సర్దుకోవాలి కాబట్టి అరిగిన నీడిల్ చేసిన చెరుపు ముందు అక్కడే బయటపడుతుంది. ‘స’, ‘ష’ ధ్వనులు బుసకొడితే వదిలేయండి. కడిగినా పోదు.

బూజు వేరు, అది పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడిచి, పూర్తిగా ఆరాకే కవర్లో పెట్టాలి. వానాకాలం మన కృష్ణ ఒడ్డున అరగంటలో ఆరుతుందని ఆశపడొద్దు. రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారులో రికార్డు వదిలేస్తే వంకరపోతుంది. బీరువాలో నిలువుగా పెట్టండి, దొంతర పేర్చొద్దు.

ఒక్క హెచ్చరిక. ఈ మిశ్రమం వినైల్‌కే, అంటే ఈ ప్లాస్టిక్ రికార్డులకే. ఇళ్లలో మిగిలిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత పద్యనాటకాల ప్లేట్లకు తగలనివ్వొద్దు. వాటిలోని లక్కను ఆల్కహాల్ కరిగించేస్తుంది.

— పాత రికార్డుల అభిమానులు,
సత్యనారాయణపురం, విజయవాడ