చివరి రాత్రి ఇక హావ్‌లాక్‌లో కాదు

మాతో హనీమూన్‌కి అండమాన్ వెళ్లొచ్చిన జంటలకీ, అక్టోబరు 2 వారాంతానికి డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకీ ఈ కబురు. ఆగస్టు 15 వారాంతంలో జరిగిన గొడవ మీలో చాలామంది చెవిన పడింది. "అక్కా, వాళ్లని దీవిలో వదిలేశారట కదా!" అని ఒకమ్మాయి ఫోను చేసి మరీ అడిగింది. వదిలెయ్యలేదు తల్లీ. కానీ ఆ మాట పుట్టడానికి కారణం ఉంది. పదిమంది నోళ్లలో నానేకంటే నేనే చెప్పేస్తే నయం.

మన మూడు రాత్రుల ప్యాకేజీ సంగతి పాతవాళ్లకి తెలుసు. శుక్రవారం పొద్దున పోర్ట్ బ్లెయిర్‌లో దిగడం, మధ్యాహ్నం బోటులో హావ్‌లాక్ దీవికి, మూడు రాత్రులూ అక్కడే, సోమవారం తెల్లారే బోటుకి వెనక్కి వచ్చి మధ్యాహ్నం విమానం. (పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది, హావ్‌లాక్ 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. కాగితాల మీద కొత్త పేర్లే రాస్తాం, నోటికి మాత్రం పాతవే వస్తాయి, ఏం చెయ్యను.) పోర్ట్ బ్లెయిర్ ఊళ్లో ఒక్క రాత్రి కూడా వృథా కానివ్వం అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆ గొప్పంతా సోమవారం పొద్దుటి ఒకే ఒక్క బోటు మీద ఆధారపడి ఉందని నాకు తెలీక కాదు. ఆరేళ్లలో ఒక్కసారీ తప్పలేదు కదా అన్న ధీమా.

ఈసారి నాలుగు జంటలు వెళ్లాయి. ఆదివారం రాత్రి 10.40కి బోటు కంపెనీ ఆ జంటల ఫోన్లకి ఒక మెసేజ్ పంపింది. సాంకేతిక కారణాల వల్ల 6.30 బోటు రద్దు, మీ టికెట్లు మధ్యాహ్నం 12.30 బోటుకి మార్చాం అని. అంతే. టికెట్లు తీసింది మేమైనా మాకు ఒక్క ముక్క లేదు. కొత్తగా పెళ్లయిన జంట ఆ టైములో ఫోను చూస్తుందా? ఆ మూడ్రోజులూ ఫోను పక్కన పడెయ్యండని పంపేముందు చెప్పేది కూడా మేమే.

పొద్దున 5.45కి ఒకాయన జెట్టీ నుంచి ఫొటో పంపాడు. మూసి ఉన్న కౌంటరు, దాని ముందు వరసగా నాలుగు సూట్‌కేసులు, ఒకదాని హ్యాండిల్ మీద ఆరని తువ్వాలు. ఫొటో కింద ఏమీ రాయలేదు. ఏదైనా తిట్టు రాసినా అంత బాధపడేదాన్ని కాదు.

అంతలో వాళ్ల కళ్లముందే వేరే కంపెనీ బోటు నిండుగా బయల్దేరింది. అంటే ఆ రోజు సముద్రం బాగానే ఉంది. ఇది మీరు గమనించాలి. వానాకాలంలో హెచ్చరిక వచ్చి బోట్లన్నీ ఆపేస్తే నేను నోరెత్తను. అక్కడ సముద్రందే పైచేయి, దానికి ఒప్పుకునే ఈ వ్యాపారంలోకి దిగాను. ఇది మాత్రం మనిషి చేసిన పని. సీట్లు సగం కూడా నిండలేదని రెండు బోట్లు ఒకటి చేశారని జెట్టీ దగ్గర కూలీలు అనుకున్నారట. నిజమో కాదో నేను తేల్చలేను, అందుకే కంపెనీ పేరు రాయడం లేదు.

ఇక మిగిలింది గవర్నమెంట్ బోటు. హావ్‌లాక్ వాళ్లకి అది మన పల్లెవెలుగు బస్సు లాంటిది. ఆస్పత్రికైనా, ఆఫీసు పనులకైనా అందులోనే పోతారు. మా డ్రైవరు కౌంటర్లో బతిమాలి నాలుగు టికెట్లు సంపాదించాడు. ఎనిమిదిమందికి నాలుగు. ఎవరెక్కాలో చెప్పమని నన్నడిగారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఏం చెప్పాలో తోచక అలాగే నిలబడిపోయాను. చివరికి వాళ్లే మాట్లాడుకుని, మర్నాడు డ్యూటీలో ఉండి తీరాల్సిన రెండు జంటల్ని ఎక్కించారు. మిగతా రెండు జంటలూ 12.30 బోటు దిగేసరికి విమానం వెళ్లిపోయింది. ఆ రాత్రి గది, మర్నాటి విమానం మేమే పెట్టుకున్నాం. ఆ సీజను లాభం అక్కడితో సరి.

బోటు కంపెనీ మేనేజరుకి ఫోను చేస్తే "బోటు రద్దయితే వేరే బోటు ఇచ్చాం కదా మేడమ్, షరతుల్లో ఉంది చూసుకోండి" అన్నాడు. చూశాను. ఉంది. ఆరేళ్లుగా వాళ్ల టికెట్లు అమ్ముతూ ఆ షరతులు ఒక్కసారీ చదవకపోవడం నా తప్పే. కానీ ఆరేళ్లు! వేరేవాళ్లు తక్కువకి ఇస్తామన్నా పోకుండా ప్రతి జంటనీ వాళ్ల బోటే ఎక్కించాను. ఒక్క ఫోను కాల్‌కి నోచుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. బోటు కంపెనీని మార్చడం నిమిషంలో పని, మార్చేశాం. నిద్ర లేకుండా చేసింది ఆ చివరి రాత్రి. విమానం రోజే బోటు ఎక్కడం అనేదే తప్పు లెక్క. ఏ కంపెనీ అయినా ఏదో ఒక రోజు ఆపుతుంది. ఆదివారమే హావ్‌లాక్ వదిలి ఊళ్లో పడుకుంటే ఈ బెడద ఉండదు. కానీ ఆదివారం సాయంత్రం హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం పోతుంది.

పోతే ఏంటి అంటారా? శుక్రవారం బోటు దిగి గదిలో సామాను పడేసి జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తేసరికి సగం సూర్యుడే మిగులుతాడు. అండమాన్ మన గడియారం లెక్కించే రేఖకి పది డిగ్రీలు తూర్పున ఉంది, అందుకని అక్కడ 40 నిమిషాలు ముందే పొద్దుగూకుతుంది. ఐదున్నరకే చీకటి మొదలు. శనివారం డైవింగుకి వెళ్లొచ్చి అలసిపోయి ఉంటారు. ఆదివారమే ఇద్దరూ తీరిగ్గా ఇసకలో కూర్చునేది. మీరు పంపిన ఫొటోల్లో మంచివన్నీ ఆదివారం సాయంత్రానివే, ఒక్కొక్కటీ తీసి చూశాను. అది కోసెయ్యాలంటే నాకు చెయ్యి రాలేదు.

మా ఆయన మధ్యేమార్గం చెప్పాడు. చివరి రాత్రి హావ్‌లాక్‌లో ఉంటే బోటు బాధ్యత మాది కాదు అని ఒక కాగితం మీద సంతకం తీసుకుందామని. మిగతావాళ్లు అదే చేస్తున్నారట. ఈ విషయం మీద ఇంట్లో మూడు వారాలు గొడవ నడిచింది. నా వాదన ఒకటే. సంతకం పెట్టించుకుంటే నేనూ "షరతుల్లో ఉంది చూసుకోండి" అనే మేనేజరునే అవుతాను. అది నావల్ల కాదు. వ్యాపారం తగ్గితే తగ్గనీ.

కాబట్టి ఇకనుంచి మూడు రాత్రుల్లో రెండే హావ్‌లాక్‌లో. ఆదివారం పొద్దున కాలాపత్తర్ బీచ్‌లో సూర్యోదయం, ఐదింటికే లేవాలి, అక్కడ తెల్లారడం కూడా ముందే. మధ్యాహ్నం బోటుకి వెనక్కి. డైవింగు సంగతి కూడా చెప్పేస్తాను. స్కూబా చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు, రక్తంలో మిగిలిన నత్రజని పైకెళ్లాక బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, అంతకంటే ఎక్కువైతే 18 గంటలు ఆగమంటారు. ఆదివారం పొద్దున డైవ్ చేసినా సోమవారం మధ్యాహ్నం విమానానికి భయం లేదు.

ఆదివారం సాయంత్రం సెల్యులార్ జైల్లో లైట్ అండ్ సౌండ్ షో. "హనీమూన్‌కి జైలేంటండీ" అని ఇప్పటికే ఒకాయన నవ్వాడు. 1906లో పూర్తయిన ఆ జైలుకి ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే ఉన్నాయి. చీకట్లో ఆ గదుల వరస ముందు కూర్చున్నాక ఆయన నవ్వుతాడేమో చూస్తాను. ఇష్టం లేకపోతే మానెయ్యండి, బలవంతం లేదు. ఊళ్లో తెలుగువాళ్లు బోలెడంతమంది, కాలక్షేపానికి లోటుండదు.

హావ్‌లాక్ పక్కనున్న నీల్ దీవి నాలుగు రాత్రులున్నవాళ్లకే. మూడు రాత్రుల్లో ఇరికించమని అడగకండి.

అక్టోబరు జంటలకి కొత్త టికెట్లు ఈ వారంలో వస్తాయి. ఈ మార్పు నచ్చనివాళ్లు చెప్పండి, మాకు కట్టిందంతా వెనక్కి ఇచ్చేస్తాం, కారణం అడగం. బోటు టైము మారితే ఇకమీదట మెసేజ్ కాదు, మా డ్రైవరు వచ్చి మీ గది తలుపు కొడతాడు. అర్ధరాత్రైనా సరే, తిట్టుకోకండి.

విమానం తప్పిన ఆ రెండు జంటల్లో ఒకరు డిసెంబరుకి మళ్లీ బుక్ చేశారు. చివరి రాత్రి హావ్‌లాక్‌లోనే కావాలట, ఏమైనా మేం చూసుకుంటాం అన్నారు. కుదరదని చెప్పాను. రెండ్రోజులు అలిగి, నిన్న అడ్వాన్సు పంపారు.