పడకలు నిండితే పని జరిగినట్టేనా?

సంపాదకులు గారికి,

ప్రభుత్వాసుపత్రి బాగా పనిచేస్తోందని చెప్పడానికి మన సమీక్షల్లో ముందు చూపేది పడకలు ఎంత శాతం నిండాయన్న అంకె. అదొక్కటే చూస్తే మోసపోతాం.

వంద పడకల ఆసుపత్రి అనుకుందాం. 30 రోజులకు 3,000 పడక-రోజులు. రోజూ అర్ధరాత్రి వార్డుల్లో ఉన్నవాళ్లను లెక్కపెట్టి కూడితే 2,400 వచ్చిందంటే నిండుదల 80 శాతం. ఆ నెల 480 మంది డిశ్చార్జి అయితే సగటున ఒక్కొక్కరు ఉన్నది 5 రోజులు, రోగికీ రోగికీ మధ్య పడక ఖాళీగా ఉన్నది రోజుంబావు. డిశ్చార్జీలు 240 మాత్రమే అయినా శాతం 80 దగ్గరే ఉంటుంది, ఉండే రోజులు మాత్రం పదవుతాయి. మత్తు డాక్టరు వారానికి రెండు రోజులే వస్తే, ఆరోగ్యశ్రీ ముందస్తు అనుమతి ఆలస్యమైతే, ఆపరేషన్ కోసం పడుకుని ఎదురుచూసేవాళ్లే ఆ శాతాన్ని నిలబెడతారు.

పడకల లెక్కలోనూ తిరకాసుంది. మంజూరైనవి వంద, వేసినవి 130 అయితే దేనితో భాగించాలి? వందతో అయితే 80, వేసినవాటితో అయితే 61.5 శాతం. ఏది వాడారో నివేదికలో రాయరు.

డయాలసిస్ రోగి పొద్దున చేరి సాయంత్రం వెళ్లిపోతాడు. అర్ధరాత్రి లెక్కలోకి రాడు, డిశ్చార్జీల్లో మాత్రం చేరతాడు. దాంతో సగటు రోజులు దానంతటదే తగ్గిపోతుంది. ఇలా అదే రోజు వెళ్లిపోయే డే కేర్ రోగులకు వేరే రిజిస్టరు పెట్టాల్సిందే. పెద్దాసుపత్రికి పంపేసినవాళ్లూ, చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లూ డిశ్చార్జీల్లో నయమైనవాళ్లతో కలిసిపోతే అదీ ‘సామర్థ్యం’లాగే కనిపిస్తుంది. సాధారణ కాన్పు తర్వాత తల్లిని 48 గంటలు ఉంచాలి. ప్రసూతి వార్డులో అంతకంటే తక్కువ సగటు వస్తే మెచ్చుకోవడం కాదు, ఆరా తీయాలి.

నిండుదల, ఒక్కో పడకకు డిశ్చార్జీలు రెండూ ఒకే పటం (గ్రాఫు)పై పెట్టి చూడమని ఆసుపత్రుల పనితీరును అధ్యయనం చేసిన పాబోన్ లాసో 1986లోనే సూచించారు. రెండూ ఎక్కువైతే మంచిది. నిండుదల ఎక్కువై డిశ్చార్జీలు తక్కువైతే ఎక్కడో పని ఆగుతోందని. అయితే ప్రసూతి ఆసుపత్రినీ ఛాతీ ఆసుపత్రినీ ఒకే పటంలో పోల్చడం అన్యాయం. విభాగాలవారీగా విడదీయాలి. తాజాగానూ ఉండాలి: నీతి ఆయోగ్ 707 జిల్లా ఆసుపత్రులపై 2021లో ఇచ్చిన నివేదికలో ఉన్నవి 2017-18 లెక్కలు!

ఈ అంకెలన్నిటికీ మూలం అర్ధరాత్రి లెక్క. వార్డంతటికీ ఒక్క నర్సే ఉన్న రాత్రి ఆ పుస్తకం తెల్లవారాక అంచనాగా నిండుతుంది. ముందు తనిఖీ చేయాల్సింది దాన్నే.

– ఆసుపత్రి రికార్డుల విభాగం సిబ్బంది